మూడో నెలలోనే కాన్పుకు సన్నాహం: ఒక ప్రసవ శిక్షణ తరగతిపై సమీక్ష

ప్రసవ సన్నాహక తరగతులు అనగానే ఏడో నెల దాటిన గర్భిణులు నేల మీద కూర్చుని ఊపిరి తీసి వదలడం సాధన చేస్తుంటారన్న అభిప్రాయం చాలామందికి ఉంటుంది. నేను సమీక్షిస్తున్న తరగతి ఆ కోవకు చెందినది కాదు. ఒక ఆసుపత్రి ప్రసూతి విభాగం నడిపే ఈ శిక్షణలో గర్భం ఎనిమిదో వారం నుంచి పద్నాలుగో వారం మధ్య ఉన్నవారినే చేర్చుకుంటారు. వారానికి ఒకటి చొప్పున నాలుగు తరగతులు ఉంటాయి, బృందంలో ఎనిమిది జంటలకు మించనివ్వరు. మూడు తరగతులను మిడ్‌వైఫ్‌గా శిక్షణ పొందిన ఒక సీనియర్ నర్సు నడుపుతారు, మిగిలిన ఒక్కదానికి ప్రసూతి వైద్యురాలు వస్తారు. తొలిచూలులో, వేవిళ్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో మా వారితో కలిసి ఇందులో చేరాను. కాన్పు అయి, బిడ్డకు కాస్త నెలలు వచ్చాక రాస్తున్నాను కనుక, అక్కడ నేర్పినవాటిలో ఏవి అక్కరకు వచ్చాయో, ఏవి ఫైలులోనే ఉండిపోయాయో చెప్పగలను.

కడుపు కూడా కనిపించని రోజుల్లో కాన్పు గురించి తరగతి ఏమిటని ఇంట్లో పెద్దవాళ్లు అడిగారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. నిర్వాహకులు మొదటి రోజే దానికి ఇచ్చిన సమాధానం నాకు నచ్చింది. ప్రసవానికి సంబంధించిన నిర్ణయాలన్నీ ప్రసవం దగ్గర పడ్డాక తీసుకునేవి కావు, కొన్నింటికి గడువు చాలా ముందే తీరిపోతుంది. గర్భం వయసును తేల్చే స్కాన్ 14 వారాల లోపు చేయిస్తే, పిండం పొడవును బట్టి ఐదు నుంచి ఏడు రోజుల తేడాతో తేదీ చెప్పవచ్చు. అదే మొదటి స్కాన్ చివరి మూడు నెలల్లో చేయిస్తే తేడా మూడు వారాల దాకా ఉండవచ్చు. గర్భిణుల్లో ప్రమాదకరంగా బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను 12వ వారం తర్వాత, వీలైనంతవరకు 16వ వారం లోపే మొదలుపెడతారు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అయితే గర్భం రాకముందు నుంచి 12వ వారం వరకు వాడాల్సినది. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అని ముందే తెలిస్తే, తల్లి రక్తంలో బిడ్డకు హాని చేసే యాంటీబాడీలు పుట్టకుండా 28వ వారం ప్రాంతంలో ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతి, మధ్యలో రక్తస్రావం కనిపిస్తే ఏం చేయాలన్న సంగతి అప్పుడే రాసి పెట్టుకోవచ్చు. గర్భం మొత్తంలో కనీసం ఎనిమిది సార్లు ఆరోగ్య సిబ్బందిని కలవాలని, మొదటి సందర్శన 12వ వారం లోపే జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేయడం వెనుక ఉన్న కారణాలు కూడా ఇటువంటివే. ఏడో నెలలో తరగతికి వెళ్లేవారికి ఇవన్నీ జరిగిపోయిన చరిత్ర, మూడో నెలలో వెళ్లేవారికి మాత్రం చేయాల్సిన పనులు.

మొదటి తరగతిలో ఎక్కువ సేపు నడిచింది కాన్పు తేదీ గురించిన చర్చ. నర్సు అందరికీ ఒక్కో అట్ట చక్రం ఇచ్చారు. రెండు గుండ్రటి అట్టలను మధ్యలో ఒక రివెట్‌తో బిగించి ఉంచిన ఆ చక్రంలో, లోపలి అట్ట మీది బాణాన్ని చివరి నెలసరి మొదటి రోజు మీదకు తిప్పితే, 40 వారాల గీత వెలుపలి అట్ట మీద ఏ తేదీకి వచ్చిందో అదే కాన్పు తేదీ. అందరం ఆ తేదీని ముచ్చటపడి చూసుకుంటుండగా, దాని మీద పెన్నుతో అడ్డంగా గీత గీయమన్నారు. ఆ తర్వాత 37వ వారం నుంచి 42వ వారం వరకు ఉన్న పట్టీ మొత్తానికి రంగు వేయించారు. సరిగ్గా చెప్పిన రోజునే పుట్టే పిల్లలు ఇరవై మందిలో ఒక్కరు మాత్రమేనని, కాబట్టి ఏర్పాట్లు ఒక రోజుకు కాక ఈ ఐదు వారాలకు చేసుకోవాలని చెప్పి, రంగు వేసిన పట్టీలో మొదటి రోజున, చివరి రోజున తోడుగా ఎవరు ఉంటారో, ఎవరు ఊళ్లో ఉండరో, ఎవరి సెలవు ఎప్పుడు మొదలవుతుందో రాయమన్నారు. మా వారి ఉద్యోగంలో తప్పనిసరి ప్రయాణం ఒకటి సరిగ్గా 38వ వారంలో పడిందని మాకు తెలిసింది అప్పుడే. ఆరు నెలల ముందు తెలిసింది కనుక దాన్ని వేరొకరికి అప్పగించడం కష్టం కాలేదు.

ఆ చక్రం ఎక్కడ తప్పుతుందో కూడా ఆవిడే చూపించారు. నెలసరి 28 రోజులకు ఒకసారి వస్తుందని, అండం పద్నాలుగో రోజున విడుదలవుతుందని అనుకుని ఆ అట్టను తయారు చేస్తారు. బృందంలో ఒకామెకు 35 రోజులకు ఒకసారి వచ్చేది, అంటే ఆమె విషయంలో చక్రం చూపిన తేదీ దాదాపు వారం ముందుకు వచ్చేసిందన్నమాట. తొలి స్కాన్ తేదీనే కాగితాలన్నింటి మీద రాయించుకోమని ఆమెకు సూచించారు. వారం తేడా చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, 41 వారాలు దాటాక నొప్పులు తెప్పించాలా వద్దా అన్న నిర్ణయానికి, నెలలు నిండకుండానే నొప్పులు వస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలా అన్న నిర్ణయానికి ఆధారం ఆ తేదీయే. తరగతి మొత్తంలో ఇంత స్పష్టంగా, ఇంత పనికొచ్చేలా సాగిన భాగం మరొకటి లేదని నా అభిప్రాయం.

కాన్పు ఎక్కడ చేయించుకోవాలన్నది రెండో తరగతి విషయం. సొంత ఆసుపత్రిని పొగుడుకుంటారేమోనన్న అనుమానంతో వెళ్లాను, కాని వాళ్లు ఇచ్చిన ప్రశ్నలు ఏ ఆసుపత్రినైనా అడగదగినవే. మత్తు వైద్యులు రాత్రిపూట ఆసుపత్రిలోనే ఉంటారా, కబురు పెడితే వస్తారా? అవసరమైన రక్తం అక్కడే దొరుకుతుందా? నెలలు నిండని బిడ్డను చూసుకునే విభాగం ఉందా, లేకపోతే బిడ్డను ఎక్కడికి పంపుతారు, తల్లిని కూడా వెంట పంపుతారా? అత్యవసరంగా సిజేరియన్ చేయాలని నిర్ణయించాక ఆపరేషన్ మొదలు కావడానికి సాధారణంగా ఎంత సమయం పడుతుంది? లేబర్ రూంలో తోడు ఉండనిస్తారా, రాత్రి కూడా ఉండనిస్తారా? ఈ ప్రశ్నలను వైద్యులను పరీక్షించడానికి అన్నట్టు కాకుండా మర్యాదగా ఎలా అడగాలో కూడా నేర్పడం బాగుంది. ఇంటి నుంచి ఆసుపత్రికి రద్దీ వేళలో ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి వెళ్లి చూడమన్నారు. తల్లుల మరణాలకు దారితీసే జాప్యాలను సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడుగా విడదీశారు: వెళ్లాలన్న నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ఈ మూడింటిలో మొదటి రెండూ కుటుంబం చేతిలో చాలావరకు ఉన్నవేనని, వాటికి మందు ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చని నర్సు చెప్పినప్పుడు, గదిలో మగవాళ్లు మొదటిసారి నోటు పుస్తకాలు తెరవడం నేను గమనించాను.

ఆ తరగతి చివర్లో చేయించిన ఫోన్ అభ్యాసం గురించి వివరంగా చెప్పాలి. ఒకరు భర్తగా, నర్సు రాత్రి డ్యూటీలో ఉన్న సిబ్బందిగా మాట్లాడాలి. మొదట లేచిన ఆయన, "హలో, మా ఆవిడకు చాలా ఇబ్బందిగా ఉందండీ, ఏం చేయమంటారు?" అని మొదలుపెట్టారు.

"ఎన్నో వారం సార్?"

"ఎనిమిదో నెల అనుకుంటానండీ."

"నెలలు వద్దు సార్, వారాలు చెప్పండి. మొదటి కాన్పేనా? ఉమ్మనీరు పోయిందా? పోతే ఏ రంగులో ఉంది? బిడ్డ కదలిక ఆఖరిసారి ఎప్పుడు తెలిసింది?"

ఆయన దగ్గర ఒక్కదానికీ సమాధానం లేదు, అందరూ నవ్వారు, తర్వాత లేచినవాళ్ల పరిస్థితీ అంతే. అప్పుడు చిన్న కార్డు ఒకటి ఇచ్చి, వారాలు, ఎన్నో కాన్పు, రక్తం గ్రూపు, పాత ఆపరేషన్లు, వాడుతున్న మందులు, పడని మందులు వరుసగా రాయించారు. వెనుక వైపు, వెంటనే బయల్దేరాల్సిన లక్షణాలు అచ్చువేసి ఉన్నాయి: రక్తస్రావం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, జ్వరం, ఆగని కడుపునొప్పి, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, మూర్ఛ. నాకు నొప్పులు మొదలైన రాత్రి మా వారు ఆ కార్డు చూసి నిమిషంలోపే మొత్తం చెప్పగలిగారు, అవతలి వాళ్లు మరో ప్రశ్న అడగకుండానే రమ్మన్నారు. తరగతి మొత్తంలో మా ఇంట్లో నేరుగా వాడుకున్న వస్తువు అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

వైద్యురాలు వచ్చిన తరగతి సమాచారం విషయంలో నిండుగా ఉంది, సమయం విషయంలో మాత్రం ఇరుకుగా ఉంది. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని, 2018లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు అసలైన నొప్పుల దశను 5 సెంటీమీటర్ల నుంచి లెక్కిస్తాయని, అంతకు ముందరి దశ ఎంతసేపు సాగుతుందో ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా ఉంటుందని ఆవిడ విడమరిచి చెప్పారు. కాన్పు ద్వారం దగ్గర కోత ప్రతి ఒక్కరికీ అలవాటుగా పెట్టకూడదని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయని కూడా దాచకుండా చెప్పారు. నొప్పి తగ్గించే పద్ధతుల విషయంలో నడుము దగ్గర వెన్నులో మత్తుమందు ఇచ్చే ఎపిడ్యూరల్‌ను ఆకాశానికి ఎత్తలేదు, అది తీసుకున్నవాళ్లను తక్కువ చేసీ మాట్లాడలేదు. నొప్పుల సమయంలో పక్కనే ఒక మనిషి నిరంతరం ఉండడం వల్ల సాధారణ కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని, సిజేరియన్లు తగ్గుతాయని 15,000 మందికి పైగా స్త్రీలు పాల్గొన్న 26 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చిందన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. తోడుగా ఎవరిని తీసుకెళ్లాలన్నది అప్పటిదాకా మా ఇంట్లో మొహమాటాలతో ముడిపడిన విషయం. వరసను బట్టి కాక, ఆ గదిలో ఎవరు నిలకడగా ఉండగలరో చూసి ఎంచుకోమని వైద్యురాలే చెప్పడంతో ఆ మాటను ఇంట్లో ఎత్తడం మాకు తేలికైంది. వ్యాయామాలు, ఆసుపత్రికి తీసుకెళ్లే సంచిలో సర్దుకోవాల్సిన వస్తువుల జాబితా ఎక్కడైనా దొరికేవే, వాటి గురించి ప్రత్యేకంగా చెప్పాల్సింది లేదు.

ఇక లోపాల విషయానికి వస్తే, పెద్దది నాలుగో తరగతిలో పూర్తి చేయించే ప్రసవ ప్రణాళిక పత్రం. పదకొండు పేజీల ఆ పత్రంలో గదిలో వెలుతురు ఎంత ఉండాలి, సంగీతం కావాలా, ఏ భంగిమలో కాన్పు కావాలి, బొడ్డుతాడు ఎవరు కత్తిరించాలి వంటి ప్రశ్నలకు గడుల్లో టిక్కులు పెట్టాలి. ఇదే తరగతి మొదటి రోజున, ఏవి ఇప్పుడే తేల్చుకోవాలో నేర్పింది. చివరి రోజున మాత్రం ఇప్పుడు తేల్చుకోలేనివాటిని కూడా తేల్చమని కూర్చోబెట్టింది. పన్నెండో వారంలో ఉన్న మనిషికి బిడ్డ తల కిందికి తిరుగుతుందో లేదో, మాయ (ప్లాసెంటా) ఎక్కడ అతుక్కుందో, బీపీ ఎలా ఉండబోతోందో తెలియదు. అటువంటప్పుడు కాన్పు భంగిమ మీద టిక్కు పెట్టించడం వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా ఆ టిక్కుకు భిన్నంగా జరిగితే తనవల్లే ఏదో తప్పు జరిగిందన్న బాధ మిగులుతుంది. నొప్పులు పడుతున్న మనిషిని చూసుకుంటూ, పక్క మంచం మీద మరొకరిని కనిపెట్టుకుంటూ ఉండే నర్సు పదకొండు పేజీలు ఎప్పుడు చదవాలన్న ఆలోచన కూడా ఆ పత్రాన్ని తయారు చేసినవాళ్లు చేసినట్టు లేదు.

అంతకంటే ఎక్కువగా నాకు అభ్యంతరం అనిపించినది, ఆ పదకొండు పేజీల్లో సిజేరియన్‌కు దక్కిన చోటు. చివరి పేజీ అడుగున, అనుబంధం పేరుతో సగం పేజీ మాత్రమే ఇచ్చారు. ప్రపంచంలో జరిగే ప్రతి ఐదు కాన్పుల్లో ఒకటికి పైగా సిజేరియన్ ద్వారానే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. ఎనిమిది జంటలున్న గదిలో ఒకరిద్దరికి ఆ అవసరం పడుతుందనుకోవడం లెక్కకు అందే మాటే. అలాంటప్పుడు ముందుగా ఆలోచించుకోవాల్సినవి అక్కడే ఎక్కువ ఉంటాయి. నడుము నుంచి కిందికే మత్తు ఇస్తే తల్లి మెలకువగానే ఉంటుంది కనుక ఆపరేషన్ గదిలోనే బిడ్డను ఆమె ఛాతీ మీద ఉంచుతారా? తోడు వచ్చినవాళ్లను లోపలికి రానిస్తారా? కుట్లు వేసేదాకా బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుంది? ఇంటికి వచ్చాక బరువులెత్తకుండా గడపాల్సిన వారాల్లో ఇంటి పని ఎవరు చూస్తారు? వీటిలో ఒక్కటీ ఆ పత్రంలో లేదు. అడిగితే, ఆ సంగతులు తర్వాత వైద్యులతో మాట్లాడుకోవచ్చని సమాధానం వచ్చింది. భంగిమ గురించి కూడా తర్వాతే మాట్లాడుకోవచ్చు కదా అని నా వాదన.

చివరికి ఆ పత్రాన్ని పక్కన పెట్టి, మేమే ఒకే పేజీలో రాసుకున్నాం. పైన నా ఆరోగ్య వివరాలు, కింద ఎలా కాన్పు అయినా వర్తించే కోరికలు: తోడుగా ఉండే మనిషి పేరు, ఏదైనా చేసేముందు ఎందుకో ఒక్క మాట చెప్పమన్న అభ్యర్థన, బిడ్డ, నేను స్థిమితంగా ఉంటే బొడ్డుతాడు బిగించడానికి కనీసం ఒక నిమిషం ఆగమనడం, పుట్టిన వెంటనే బిడ్డను నా ఒంటికి ఆనించి ఉంచమనడం, మొదటి గంటలోనే పాలు పట్టించమనడం. మూడో భాగంలో ఆపరేషన్ అవసరమైతే ఏమిటన్నది రాశాం. ఈ నమూనాను తరగతి నిర్వాహకులకు కూడా ఇచ్చాను, చూస్తామన్నారు.

గర్భం నిలవని సందర్భాల గురించి ఈ తరగతి దాదాపు మౌనంగా ఉండడం మరో లోపం. తెలిసిన గర్భాల్లో నూటికి సుమారు 10 నుంచి 20 దాకా గర్భస్రావంతో ముగుస్తాయని, వాటిలో ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే జరుగుతాయని వైద్యులందరికీ తెలిసిన సంగతి. సరిగ్గా ఆ వారాల్లో ఉన్నవారినే చేర్చుకునే తరగతి ఆ మాటను ఒక్క వాక్యంతో దాటేయకూడదు. మా బృందంలో ఒక జంట మూడో తరగతి నుంచి రావడం మానేశారు. ఎవరూ ఏమీ చెప్పలేదు, వాళ్ల కుర్చీలు మాత్రం తీసేశారు. వివరాలు అందరికీ చెప్పాలని నేను అనడం లేదు, అది వాళ్ల సొంత విషయం. కాని అటువంటి పరిస్థితి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, తరగతి నుంచి వచ్చే సందేశాలు ఆపమని ఎలా చెప్పాలి, కట్టిన రుసుము సంగతేమిటి, ఇష్టమైతే తర్వాత ఎప్పుడైనా మళ్లీ చేరవచ్చా అన్నవి చేరే రోజునే ఒక కాగితంలో రాసి ఇవ్వవచ్చు. అలా ఇస్తే మిగిలినవాళ్లు భయపడతారని నిర్వాహకులు అనుకుంటున్నట్టున్నారు. వేవిళ్లతో, ఆరాటంతో ఉన్న మనిషి ఆ భయాన్ని ఎలాగూ మోస్తూనే ఉంటుంది, కాగితం ఉంటే కనీసం ఏం చేయాలో తెలుస్తుంది.

ఈ తరగతి ఎవరికి పనికొస్తుందంటే, మొదటి కాన్పువాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్ల సాయం దగ్గరలో లేని జంటలకు తప్పకుండా పనికొస్తుంది. ఇంతకుముందు సిజేరియన్ అయినవాళ్లు, కవలలను మోస్తున్నవాళ్లు, బీపీ, షుగరు వంటి సమస్యలున్నవాళ్లు మొదటి రెండు తరగతుల కోసం చేరవచ్చు గాని, ప్రణాళిక మాత్రం తమ వైద్యులతో విడిగా కూర్చుని తయారు చేసుకోవడమే మంచిది. భర్తకు గాని, తోడుగా ఉండబోయే మనిషికి గాని కనీసం రెండో తరగతికి వచ్చే వీలు లేకపోతే ఈ శిక్షణలో సగం విలువ పోతుంది. ఫోన్ చేసేది, బండి మాట్లాడేది, సంతకాలు పెట్టేది వాళ్లే.

చేరాలనుకునేవారు ముందే అడిగి తెలుసుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. తరగతులు నాలుగో నెలకే ముగుస్తాయి, కాన్పు దాకా ఇంకా ఐదారు నెలలు మిగిలే ఉంటాయి. 18 నుంచి 22 వారాల మధ్య చేసే స్కాన్‌లో మాయ కిందికి ఉందని చెప్పడం అరుదేమీ కాదు. చాలామందిలో గర్భాశయం పెరిగేకొద్దీ అది పైకి జరుగుతుంది, 32వ వారం ప్రాంతంలో మళ్లీ చూస్తే గాని తేలదు. 24 నుంచి 28 వారాల మధ్య చేసే చక్కెర పరీక్ష ఫలితాన్ని బట్టి కాన్పు ఎక్కడ, ఎప్పుడు అన్న ఆలోచనే మారిపోవచ్చు. కాబట్టి ప్రణాళికను కనీసం ఈ రెండు మజిలీల దగ్గరైనా తిరగరాయాలి. దీనికోసం నిర్వాహకులు 36వ వారంలో ఒక గంట ముఖాముఖి సమావేశం ఇస్తున్నారు గాని, అది పని రోజుల్లో పగటిపూట మాత్రమే ఉండడంతో మా బృందంలో ఎక్కువమంది ఒంటరిగానే వెళ్లాల్సి వచ్చింది. ఆ సమావేశాన్ని సాయంత్రానికి మార్చి, దానికి ముందు 28వ వారంలో ఫోన్ మీద అరగంట మాట్లాడే ఏర్పాటు చేస్తామన్న హామీని రాతపూర్వకంగా అడిగి తీసుకున్నాకే రుసుము కట్టమని కొత్తగా చేరేవారికి నా సలహా.